బూడిద ఇటుకల ఇల్లు చూడటానికి భూపాలపల్లికి

చిన్నోడా, నువ్వు కట్టిన ఇంట్లో కాలు పెట్టాలన్న బుద్ధి, నువ్వు పోయిన మూడు నెలలకు గాని నాకు పుట్టలేదు.

మాది మహబూబాబాద్. చిన్నోడు నా కొడుకు, నలుగురు మేస్త్రీలను పెట్టుకుని ఇళ్లు కట్టే చిన్న కాంట్రాక్టరు. బొగ్గు కాలగా మిగిలే బూడిదతో చేసిన ఇటుకలే వాడేవాడు. వీటికి చెరువు మట్టి తవ్వక్కర్లేదు, బట్టీ కాల్చక్కర్లేదు, గోడ నున్నగా వస్తుంది గనుక సిమెంటు కూడా తక్కువ పడుతుంది అనేవాడు. జనగామలో రెండిళ్లు కట్టాడు. మన ఇల్లూ అట్లాగే కడతానంటే నేనే వద్దన్నాను. బూడిద కాటిలో ఉండేది, దాంతో కట్టిన ఇంట్లో నేను దీపం పెట్టనన్నాను. అదీ బజారులో, నలుగురి ముందు. ఆ తర్వాత ఇల్లు కట్టించుకుందామని వచ్చిన ప్రతివాడూ "మీ అమ్మనే ఉండనన్నదట గదా" అని వెనక్కి పోయాడు. ఊళ్లో పని దొరక్క, అంత దూరం భూపాలపల్లిలో ఒక ఇల్లు ఒప్పుకున్నాడు. అది పూర్తి చేసి బండి మీద వస్తుంటే పరకాల దగ్గర లారీ గుద్దింది. ఆ ఇల్లు చెడ్డదైతే నా మాట నిజమైనట్టు. మంచిదైతే నేనేం చేసినట్టు? అది తెలుసుకుందామనే బయలుదేరాను.

తెలంగాణ కోసం సమ్మె నడుస్తున్న రోజులు. బస్సులు లేవు. పొద్దున ఆరున్నరకు రైలెక్కి వరంగల్‌లో దిగాను. హనుమకొండకు ఆటో, అక్కడి నుంచి పరకాల మీదుగా జీపు. బస్సుకు నలభై అయ్యే దారికి నూట ఇరవై తీసుకున్నారు. డ్రైవర్ యాకూబ్ పద్నాలుగు మందిని కుక్కాడు.

"జర జరుగవ్వా, ఇంకొక్కరు పడ్తరు."

"నా ఒళ్లె కూసోబెట్టుకోవాల్నా నాయినా?"

"తెలంగాణ రానియ్యవ్వా, నీకొక్కదానికే ఒక జీపు తెస్త."

అందరూ నవ్వారు. పరకాల దాటేదాకా నేను కళ్లు తెరవలేదు.

పన్నెండు దాటాక ఇల్లు దొరికింది. ఇంటామె పేరు సమ్మక్క. నేనెవరో చెప్పగానే లోపలికి పిలిచి, జొన్నరొట్టె, పచ్చిపులుసు పెట్టింది. నేను వానజల్లు ఎక్కువగా కొట్టే పడమటి గోడ అడుగున చెయ్యి పెట్టి చూశాను. పొడిగా ఉంది.

"ఈ వానకాలమంత చెమ్మ లేదు, పగులు లేదు," అంది సమ్మక్క. "బూడిదిల్లని ఎక్కిరిచ్చినోళ్లే ఇప్పుడొచ్చి గోడలు తడుముతుండ్రు. మేం సుత నీ కొడుకును అడిగినం అవ్వా, మీ అమ్మ ఎందుకు వద్దన్నదని."

"ఏమన్నడు?"

"అమ్మకు సమజయ్యేటట్టు నేనే చెప్పలేకపోయిన, తప్పు నాదే అన్నడు."

రొట్టె ముక్క నా చేతిలోనే ఉండిపోయింది.

ఇప్పుడు మా ఊళ్లోనూ బూడిద ఇటుకల ఇళ్లు లేస్తున్నాయి. కట్టేది వేరేవాళ్లు. నా మాటకు వెనక్కి పోయినవాళ్లే కట్టించుకుంటున్నారు, నన్ను చూస్తే తల తిప్పుకుంటారు. వాళ్లను అనడానికి నాకు నోరు లేదు. మీరు ఇట్లాంటి ఇల్లు కట్టుకోవాలనుకుంటే ఎవరి మాటా నమ్మకండి, నా మాట కూడా. వానలు తగ్గిన వారంలో వెళ్లి, పడమటి గోడ అడుగున చెయ్యి పెట్టి చూడండి. దూర ప్రయాణం, కడుపు నిండా తిని బయలుదేరండి.