చేతులెత్తి వచ్చే సామి

హిందూపురంలో జ్వరంతో సామి పోయారన్న కబురు పోయిన బుధవారం పొద్దున మా ఊరికి చేరింది. యుద్ధమంతా మా ఊరికి చావు కబుర్లు తెచ్చింది ఆయనే. ఆయనది మాత్రం పోస్టుమాను తెచ్చాడు.

ఆయన కతోలిక గురువు. ఐరోపా నుంచి వచ్చి పదిహేనేళ్లుగా పెనుకొండ చర్చిలో ఉన్నారు. మేము ఆయన మతంవాళ్లం కాదు. ఆయన ఎన్నడూ ఆ మాట ఎత్తలేదు. పడుచు వయసులో మొదటి పెద్ద యుద్ధంలో సిపాయిగా పనిచేశారట. ఆ సంగతీ ఎత్తేవారు కాదు. మా ఊరికి వస్తే మాత్రం ముందు బూట్లు విప్పి, పాదాలు ఎండలో పెట్టుకొని కూర్చునేవారు. చుక్క నీరు లేని నేల మాది. అయినా, ఆ యుద్ధంలో నీళ్లు నిలిచిన కందకాల్లో పట్టిన ఆ అలవాటు పోలేదు.

రెండో యుద్ధం వచ్చి, మా అన్న పట్టాళంలో చేరి ధర్మవరంలో రైలెక్కిన రోజు ఆయనా వచ్చారు. "కాళ్లు తడవనీయొద్దప్పా. తడిస్తే ఆరబెట్టుకో. ఆడ అంతకన్నా నీ చేతుల్లో ఏమీ ఉండదు" అన్నారు.

వానలు లేని ఆ ఏళ్లలో మా పక్క ఊళ్లనుంచి చాలామంది అట్లే పట్టాళంలో చేరారు. పట్టాళం నుంచి వచ్చే ఇంగ్లీషు జాబులు చదివేది సామే. క్షేమమైతే ఇంటివాళ్లను చర్చికి పిలిపించి చెప్పేవారు. చావైతే తానే నడిచి ఇంటికి పోయేవారు. ఈ సంగతి ఆడవాళ్లకు తొందరగానే తెలిసిపోయింది. ఆయన తెల్లంగీ దూరాన కనబడితే చాలు, ఊళ్లో తలుపులన్నీ మూసుకునేవి. జ్వరం మాత్రలు తెచ్చినా తలుపు తీసేవాళ్లు లేరు.

అందుకని జాబు లేని రోజు ఆయన ఊరి మొదట్లోనే రెండు చేతులూ పైకెత్తి, ఖాళీ అరచేతులు చూపిస్తూ వచ్చేవారు.

"ఏం సామీ, మాకు లొంగిపోతాండావా?" అని మా చిన్నాయన ఎగతాళి చేసేవాడు.

"నీకు కాదప్పా, మీ ఆడోళ్లకు. జర్మనీవాళ్లకన్నా గట్టోళ్లు" అనేవారు సామి. తలుపుల వెనక నవ్వులు వినబడేవి.

ఒక రోజు చేతులు దించుకొని వచ్చారు. మా గుమ్మం ముందు ఆగారు. నేను తలుపు తీశాను. ఆయన అన్న కబురు చెప్పడం ముగించాక అమ్మ గుమ్మంలోకి వచ్చింది.

"కాళ్లు తడవనీయొద్దంటివే సామీ. నువ్వు ఆ యుద్ధం నుంచి తిరిగొస్తివి. నా కొడుకెందుకు రాలేదు?"

"నేనెందుకు తిరిగొచ్చినానో నాకూ తెలీదమ్మా."

అమ్మ ఆయన మొహం మీదే తలుపు వేసింది. నేను మళ్లీ తీయలేదు.

యుద్ధం ముగిసింది. జాబులు ఆగాయి. మిగతా ఇళ్ల తలుపులు తెరుచుకున్నాయి. మాది మాత్రం ఆయనకు తెరుచుకోలేదు. సామి వారం వారం మందులతో వస్తూనే ఉన్నారు. ఇక చేతులెత్తే పని లేదు. అయినా మా ఇంటి ముందు ఆగి, రెండు చేతులూ ఎత్తి కాసేపు నిలబడి, పోయేవారు. అమ్మ తలుపు సందులోంచి చూసేది. ఒకసారి నాతో, "వచ్చే వారం తీస్తాలే" అంది. ఆ మాట అని రెండేళ్లయింది.

బుధవారం మధ్యాహ్నం రైల్లో ఆయన్ను పెనుకొండకు తెచ్చారు. అమ్మ మా ఊరి నుంచి అంతదూరమూ నడిచే వచ్చింది. చర్చిలో శవపెట్టె మూత ఇంకా వేయలేదు. ఆయన చేతులు రొమ్ము మీద జపమాలతో ఉన్నాయి. అందరూ దండం పెట్టి జరుగుతున్నారు. అమ్మ దండం పెట్టలేదు.

"తలుపు తీసిపెట్టే వచ్చినా సామీ" అంది.

ఆపైన రెండు చేతులూ పైకెత్తి, ఖాళీ అరచేతులు ఆయనకు చూపిస్తూ నిలబడింది. వెనకవాళ్లు జరగమన్నా జరగలేదు.