బెండు బొమ్మలకు చీటిగుడ్డ

మొన్న మా మునిమనవరాలు ప్లాస్టిక్ బొమ్మరిల్లొకటి తెచ్చి నా ఒళ్ళో పెట్టి, అందులోని బొమ్మ గౌను చినిగిపోయింది, కొత్తది కుట్టివ్వమని తన పాత గౌను ముక్కొకటి చేతికిచ్చింది. బళ్ళారి కౌల్ బజార్‌లో వాళ్ళ నాయన కొన్నాడట. కిటికీలు, మంచాలు, దీపాలు అన్నీ ఉన్నాయి. కళ్ళజోడు తుడుచుకుని ఆ గుడ్డను అటూ ఇటూ తిప్పి చూస్తే, దాని మీది పువ్వు ఒక్కటే బొమ్మ ఒళ్ళంతా కప్పేట్టుంది. ఇంత పెద్ద అచ్చులో ఇంత చిన్న గౌను ఎక్కడ కత్తిరించాలో నాకు నేర్పింది మా వదిన. ఆమె మాట రాయాలనే ఈ కాగితాలు ముందేసుకున్నాను. నలభై దాటాక అక్షరాలు దిద్దినదాన్ని, రాత వంకర పోతే మీరే సర్దుకోండి.

మా కాలంవాళ్ళకు చెప్పనక్కరలేదు గానీ, అప్పట్లో బట్టలు కొనడమంటే ఏడాదికొకసారి, ఉగాది ముందు. నాయన మా ఊరు రూపనగుడి నుంచి ఎడ్లబండి కట్టుకుని బళ్ళారికి పోయి, పూలు అచ్చేసిన చీటిగుడ్డ ఒక తాను మొత్తం తెచ్చేవాడు. అవ్వకు, అమ్మకు రవికలు, నాకు లంగా, తమ్ముళ్ళకు చొక్కాలు, మిగిలితే దిండు గలేబులు, అన్నీ అందులోనే. మగపెద్దలు తప్ప ఇంటిల్లిపాదికీ ఒకే పువ్వు. ఇప్పుడైతే నవ్వుతారు. కానీ తేరు నాడు జనంలో పిల్లవాడు తప్పిపోతే, వాడి చొక్కా చూసి ఫలానా ఇంటివాడని ఎవరో ఒకరు చెయ్యి పట్టుకుని తెచ్చి అప్పగించేవాళ్ళు. మా పేర్లు తెలియనివాళ్ళకు కూడా మా గుడ్డ తెలిసేది.

కాలువ నీళ్ళు వచ్చిన కొత్తలో కోస్తా నుంచి వచ్చి వరి మళ్ళు చేసుకునేవాళ్ళ క్యాంపులో మా అన్న తనే పిల్లను చూసుకున్నాడు. అమ్మకేమో తన అన్న కూతుర్ని తెచ్చుకోవాలని ఉండేది. పెళ్ళి ఆపలేదు, వదినను తిట్టనూ లేదు. అన్నం పెట్టింది, పనులు చెప్పింది, అంతే. వదిన తట్టిన జొన్నరొట్టె అంచులు విరిగిపోతే అవ్వ నవ్వేది, అమ్మ నవ్వేది కాదు.

ఆ ఏడాది ఉగాదికి దర్జీ సాయిబు ఎప్పటిలా మిషను తెచ్చుకుని మా పడసాలలో కూర్చుని అందరి కొలతలూ తీసుకున్నాడు. చివర్లో తలెత్తి, "కొత్త కోడలికి ఏం కుట్టాల్నమ్మా?" అని అడిగితే, అమ్మ గుడ్డ మడతేస్తూ, "ఆమెకు పుట్టినింటోళ్ళు పెడతారులేప్పా. తాను మనోళ్ళకే సరిపోతాది" అంది. పుట్టింటివాళ్ళు పెట్టేమాట అబద్ధం కాదు. క్యాంపు నుంచి మంచి పట్టంచు చీరే వచ్చింది, మా అందరి గుడ్డలకన్నా ఖరీదైనది.

మిషను కింద రాలిన పీలికలు నేను ఏరుకున్నాను. పశువుల కొట్టం వెనక నాకొక బొమ్మరిల్లు ఉండేది. మట్టితో కట్టిన చిన్న మిద్దె, జొన్నదంటు బెండుతో చేసిన వేలెడు బొమ్మలు. వాటికి గుడ్డలు కుట్టమని అమ్మనడిగితే, అవి ఊడ్చి పారేయమని చీపురు చూపించింది. వదిన మాత్రం పీలికలన్నీ ఒళ్ళో పరుచుకుని చాలాసేపు చూసింది. "పెద్ద పువ్వు జోలికి వెళ్ళకమ్మాయ్. సగం పువ్వు కట్టుకుంటే బొమ్మ చిరిగిన గుడ్డ కట్టుకున్నట్టుంటుంది. పువ్వుకీ పువ్వుకీ మధ్యన చూడు, గోరంత మొగ్గుంది కదా, బొమ్మకదే పెద్ద పువ్వు" అంది. ఆ మొగ్గ నడుము దగ్గరకు వచ్చేట్టు కత్తిరించింది. అంత చిన్న లంగాను కింద మడిచి కుడితే బిర్రుగా నిలబడిపోతుందని గుడ్డ అంచునే అడుగుకు పెట్టింది. కుట్టు కనపడకుండా దారం కూడా ఆ గుడ్డలోంచే పోగు లాగింది. లోపలివైపు కుట్టి, చీపురుపుల్లతో తిరగేసింది.

"మీ బొమ్మరింట్లో ఎంతమందున్నారు?" అని అడిగింది. నేను వేళ్ళు మడిచి చెప్పాను: అవ్వ, అమ్మ, నేను, తమ్ముళ్ళు, వదిన. సూది ఆగింది. "ఆవిడకి కూడానా?" అంది. "ఆమె మాయింట్లోనే ఉండాది గదా" అన్నాను. నేనేదో మంచి మనసుతో అన్నానని అనుకోవద్దు. వదిన బొమ్మ లేకపోతే నా బొమ్మరింటికి నీళ్ళు తెచ్చేవాళ్ళెవరు?

పండుగ పోయిన కొన్నాళ్ళకు పక్కూరి తేరుకు అందరం పోయాం. మా పూల వరసంతా ముందు నడుస్తుంటే, వదిన పట్టంచు చీరలో నా చెయ్యి పట్టుకుని వెనక వస్తోంది. దూరపు చుట్టం ఒకామె ఎదురై, అమ్మను పలకరించి, పిల్లల గుడ్డలు చూసి మురిసి, వదినవైపు తిరిగి, "ఈయమ్మ ఎవరింటామె? మీ జతలో వచ్చిందా?" అని అడిగింది. అమ్మ నోరు తెరిచేలోపలే వదిన, "కాలువ క్యాంపు నుంచండి" అంది. తిరిగొచ్చే దారి పొడుగునా వదిన నా చెయ్యి వదల్లేదు.

మర్నాడు అవ్వ పేడతట్టతో కొట్టం వెనకకు పోయి, నా బొమ్మరిల్లు చూసి అక్కడే గొంతుక్కూర్చుంది. అమ్మను పిలిచి, ఏ బొమ్మ ఎవరో నాతో చెప్పించింది. వదిన బొమ్మ దగ్గరికి రాగానే దాన్ని అరచేతిలోకి తీసుకుని, "చూస్తివేమే, బెండుబొమ్మకు అందిన గుడ్డ నీ కోడలికి అందలేదు" అంది. "పీలికలకేంది అత్తా" అని అమ్మ లోపలికి పోయింది.

మధ్యాహ్నం చూస్తే అమ్మ గుమ్మంలో కూర్చుని తన కొత్త రవిక కుట్లు సూదిమొనతో విప్పుతోంది. విప్పిన ముక్కలన్నీ తెచ్చి వదిన ఒళ్ళో పడేసి, "సాయిబు నాకు బిగ్గా కుట్టినాడు. నువ్వు సన్నగ ఉండావు, కుట్టుకో" అంది. ఆ రవిక అమ్మకు బిగువేమీ కాదని నాకు తెలుసు, వదినకూ తెలుసు. "మరి మీకో అత్తయ్యా?" అంది వదిన. "నాకెందుకు. నేనెవరింటిదాన్నో ఊరికంతా తెల్సు" అంది అమ్మ.

తనకు కుట్టుకోగా మిగిలిన ముక్కతో వదిన అమ్మకు వక్కాకు సంచి కుట్టింది, ఆ గోరంత మొగ్గ సరిగ్గా నడిమధ్యకు వచ్చేట్టు. రంగంతా పోయి మొగ్గ ఎక్కడుందో తెలియనంతవరకు అమ్మ దాన్ని నడుముకు దోపుకునే తిరిగింది.

అమ్మ పోయింది, మొన్నామధ్య వదినా పోయింది. ఇప్పుడు మా ఇంట్లో ఎవరికి నచ్చిన బట్ట వాళ్ళు ఫోనులో చూసి తెప్పించుకుంటారు. మంచిదే. చెమటకు రంగు దిగి ఒళ్ళంతా ఎర్రబడే ఆ గరుకు గుడ్డ మళ్ళీ రావాలని నేనేమీ కోరను. ఏ కోడలికీ గుడ్డ తాను చాలదని చెప్పే పనీ లేదు. కానీ పోయిన నెల ఒక పెళ్ళిలో, ఆ జనంలో మావాళ్ళు ఎక్కడ కూర్చున్నారో ఆనవాలు దొరక్క వాకిట్లో చాలాసేపు నిలబడ్డాను.

పాప బొమ్మకు గౌను కత్తిరించేముందు, వదిన నన్ను అడిగినట్టే, నీ బొమ్మరింట్లో ఎంతమందున్నారని అడిగాను. "ఒక్కతే ముత్తవ్వా, అంగట్లో ఇంతే ఇచ్చినారు" అంది. ఒక్కదానికే కుట్టాను, మొగ్గ నడుము దగ్గరకు వచ్చేట్టు. మిగిలిన పీలికలు పారేయబోయి, చేతులు రాక, మడిచి దిండు కింద పెట్టుకున్నాను.