ఆయనకొక ప్లేటు, ఆమెకు రెండు

తిరుపతిలో కర్రీ పాయింటు వాళ్ళు ఒక్క మనిషికి సరిపడా పప్పు అమ్మరు. చిన్న ప్యాకెట్టే ఇద్దరికొస్తుంది. రిటైరైన ఎముకల డాక్టరు ఫిర్యాదు ఎవరు వింటారు గనక, రాత్రికీ అదే తింటుంటాను.

ఉద్యోగం ఆఖరి ఏళ్ళలో ఇక్కడే ఒక పెద్దాసుపత్రిలో యూనిట్ చీఫ్‌గా పనిచేశాను. మోకాలికి కాస్త పైన తొడ ఎముక విరిగితే రెండు పద్ధతులు: బయటివైపు ఒక్క ప్లేటు పెట్టి స్క్రూలు బిగించడం, లేదా లోపలివైపు ఇంకొకటి కలపడం. మొదటిదానికి కోత తక్కువ. రెండోదాంతో కాలు మీద బరువు తొందరగా మోపవచ్చని ఆశ. అప్పట్లో రెంటినీ పోల్చి చూస్తుండేవాళ్ళం. రోగి ఒప్పుకుంటే, ఎవరికి ఏదన్నది చీటీ తీసి తేల్చేవాళ్ళం. డాక్టరు మోజు అందులో దూరకూడదు.

పూతలపట్టు దగ్గర స్కూటరు మీంచి పడి ఒక మామిడి రైతూ, ఆయన భార్యా ఒకే చోట తొడలు విరగ్గొట్టుకుని వచ్చారు. చీటీలో ఆయనకొకటి, ఆమెకు రెండు పడ్డాయి. "దానికి రెండేసి నాకొకటేనా సార్?" అని మొదట్లో అలిగాడు కూడా. తర్వాత అలగడం మానేశాడు. నాకు భయం వేసింది అప్పుడే.

ఆయన పై అంతస్తు మగవార్డులో, ఆమె కింద ఆడవార్డులో. లిఫ్టు మరమ్మతులో ఉంది. మా వైపు, దెబ్బ తగిలి పడుకున్నవాడికి ఇంట్లోవాళ్ళు పోయారని చెప్పరు. "బాగుండాది, నిద్రపోతా ఉండాది" అంటారు. ఆయనా ఎవరికో అలా చెప్పినవాడే. అందుకని మేము "మీ ఆమె బాగుంది" అన్నకొద్దీ ఆమె పోయిందనే ఆయనకు అనుమానం బలపడింది. ఫోన్లో మాట్లాడిస్తే మరదలి గొంతన్నాడు. వీడియో కాల్ పెడితే, వార్డులో అందరి ముందూ ఆమె సిగ్గుపడి కొంగు అడ్డం పెట్టుకుంది. ఇంకేం, రూఢి అయిపోయింది.

తిండి మానేశాడు. మోకాలు వంచే కసరత్తూ మానేశాడు. అది మానేస్తే ఎన్ని ప్లేట్లు వేసినా కీలు బిగుసుకుపోతుంది. రౌండ్స్‌లో గట్టిగానే చెప్పాను.

"ఎవురి కోసరం వంచాల సార్?" అన్నాడు.

రెండు ప్లేట్లవాళ్ళే ముందు నిలబడతారని ఒక్క ఇంటిని చూసి పరిశోధనలో రాయకూడదు, రాయలేదు. నేర్చుకున్నది వేరే: ఇద్దర్నీ వేరు వార్డుల్లో పడుకోబెడితే ముందు ఒకరికొకరిని చూపించాలి, ఎక్స్‌రేలు తర్వాత. ఆ మాట చెప్పడానికి ఇప్పుడు నాకు రౌండ్స్ లేవు. ఆ వేళకు కాళ్ళు మాత్రం చెప్పులు వెతుక్కుంటాయి.

లిఫ్టు బాగైన పొద్దున ఆమెను పైకి తీసుకెళ్ళాం. వాకరు పట్టుకుని, మెల్లగా కాలు మోపుతూ ఆయన మంచం దాకా నడిచింది. ఆయన ఆమె చెయ్యి పట్టుకుని వదల్లేదు.

"అన్నం మానేసినావంట?" అందామె.

"నువ్వు లేంది యాడ దిగుతాదే?"

"ఇన్నేండ్లు ఇంట్లోనే ఉంటి గదా. తిన్నావా అని ఒకనాడన్నా అడిగితివా?"