టెంప్ ఫోల్డర్‌లో ఆంటీ గొంతు

ఆ ఏడాది ఆకులు రాలే కాలంలో మా ఆఫీసు సర్వర్లన్నిటికీ ఆపరేటింగ్ సిస్టం కొత్త వెర్షన్ ఎక్కించాం. కెనడాలోని కిచెనర్‌లో ఒక మధ్యరకం కంపెనీలో సిస్టమ్స్ చూసుకునే ఉద్యోగం నాది. అప్‌గ్రేడ్ అయిన దగ్గర్నుంచి ఫిర్యాదులు మొదలయ్యాయి. డిస్క్ సగం కూడా నిండకపోయినా ప్రోగ్రాములు ఖాళీ లేదంటూ ఆగిపోయేవి. నిన్నటిదాకా ఉన్న ఫైళ్లు మెషీన్ రీస్టార్ట్ చేశాక కనిపించేవి కావు.

కారణం త్వరగానే దొరికింది. పాత వెర్షన్‌లో టెంప్ ఫోల్డర్, అంటే ప్రోగ్రాములు తాత్కాలికంగా ఫైళ్లు రాసుకునే చోటు, డిస్క్ మీద ఉండేది. కొత్త వెర్షన్ దాన్ని మెమరీలోకి మార్చింది. మెమరీలో పని చురుగ్గా సాగుతుంది. కానీ అది చిన్నది, తొందరగా నిండిపోతుంది. కరెంటు పోయినా, మెషీన్ ఆపినా అందులో ఉన్నదంతా పోతుంది. ఆఫీసులో నష్టపోయింది పనికిమాలిన ఫైళ్లే కాబట్టి ఎవరూ పెద్దగా బాధపడలేదు. టెంప్ ఫోల్డర్‌లో ఏదీ దాచుకోవద్దని అందరికీ ఒక మెయిల్ పంపించి నేనూ ఆ సంగతి మరిచిపోయాను.

మా టౌన్‌హౌస్‌ల వరుసలో చివరి ఇంట్లో ఒక తెలుగు దంపతులు ఉండేవారు. అంకుల్ రిటైరైన ఎలక్ట్రికల్ ఇంజనీరు. ఆంటీ హాస్పిటల్ ల్యాబ్‌లో పని చేసి రిటైరయ్యారు. నేను ఈ ఊరికి వచ్చిన మొదటి చలికాలం, మంచులో కారు నడపడం నాకు నేర్పింది ఆంటీయే. ఖాళీగా ఉన్న ఒక పార్కింగ్ లాట్‌కి తీసుకెళ్లి, పక్క సీట్లో కూర్చుని, "జారితే బ్రేక్ తొక్కకే తల్లీ. కాలు తీసెయ్. కాసేపు దాని ఇష్టానికి వదిలెయ్," అని నవ్వుతూ చెప్పేవారు. ఆవిడకి ఒక అలవాటుండేది. జోకు చెప్పడం పూర్తి కాకముందే తనే నవ్వేసేవారు. చివరి మాట ఆ నవ్వులో కలిసిపోయేది. ఏమన్నారో తెలియకపోయినా మేమూ నవ్వేవాళ్లం.

ఆ ఆంటీకి, ఒంట్లో కండరాలు ఒక్కొక్కటిగా మాట వినడం మానేసే జబ్బు వచ్చింది. అది మొదలైంది నాలుకతోనే. మాట పూర్తిగా పోకముందే గొంతు రికార్డ్ చేసి పెట్టుకుంటే, తర్వాత ట్యాబ్లెట్ మీద బటన్ నొక్కి తన గొంతుతోనే మాట్లాడవచ్చని స్పీచ్ థెరపిస్ట్ సలహా ఇచ్చిందట. అయితే ఆమె చూపించిన ప్రోగ్రాముకు ఇంగ్లీషు తప్ప మరొకటి రాదు.

"ఇంగ్లీషులో నాకు నొప్పి పుట్టదు. నా నొప్పులన్నీ తెలుగువే," అన్నారు ఆంటీ. అప్పటికి మాట కొంచెం ముద్దగా వస్తోంది గానీ, అందరికీ అర్థమయ్యేది.

దాంతో అంకుల్ తనే ఒక ప్రోగ్రాం రాశారు. బేస్‌మెంట్‌లో ఆయనకొక పాత కంప్యూటర్ ఉండేది. ఆంటీ మైక్ ముందు కూర్చుని ఒక్కో వాక్యం చెప్పేవారు. అది ఆ కంప్యూటర్‌లో ఫైల్‌గా చేరేది; ట్యాబ్లెట్ మీద బటన్ నొక్కితే అక్కడి నుంచే వినిపించేది. మొదట ట్రయల్ కోసమని ఫైళ్లను టెంప్ ఫోల్డర్‌లోకి పంపించారు. ఆ ఫోల్డర్‌ని మెషీన్ తుడిచేయకుండా సెట్టింగ్ కూడా మార్చారు. పని సాగుతోంది కదా అని తర్వాత చోటు మార్చలేదు.

ఆకులు రాలే కాలంలోనే అంకుల్ కూడా ఆ కంప్యూటర్‌ని అప్‌గ్రేడ్ చేశారు. ఆంటీ ఇంకా మాట్లాడుతూనే ఉన్నారు గనుక బటన్లు నొక్కే అవసరం ఎవరికీ రాలేదు. పాత రికార్డింగులు వినిపిస్తున్నాయో లేదో ఎవరూ చూడలేదు. రికార్డింగ్ మాత్రం రోజూ జరుగుతూనే ఉంది.

క్రిస్మస్ అయ్యాక తాకిన చోటల్లా మంచుగా గడ్డకట్టే వాన పడి మా వీధంతా కరెంటు పోయింది. మర్నాటికి వచ్చింది. ఆ తర్వాత కొన్ని వారాలకు ఒక ఆదివారం పొద్దున అంకుల్ ఫోన్ చేశారు.

"అమ్మా, బిజీగా ఉన్నావా? ఈ మెషీన్ స్పేస్ లేదంటోంది. డిస్క్ చూస్తే బోల్డంత ఖాళీ ఉంది. పాత రికార్డింగులు కూడా కనపట్టం లేదు. ఒకసారి రీస్టార్ట్ చేసి చూద్దామనుకుంటున్నా."

"అంకుల్, రీస్టార్ట్ చెయ్యకండి. దేన్నీ ముట్టుకోకండి. నేను వచ్చేస్తున్నా," అని చెప్పి, ఇంట్లో వేసుకునే బట్టల మీదే కోటు తొడుక్కుని వెళ్లాను.

వెళ్లేసరికి అంకుల్ కంప్యూటర్‌కి కాస్త దూరంగా, చేతులు వెనక్కి కట్టుకుని నిలబడి ఉన్నారు. చూడగానే అర్థమైంది. ఆఫీసులో జరిగిందే ఇక్కడా జరిగింది. టెంప్ ఫోల్డర్ మెమరీలోకి వెళ్లింది. ఆ పాత మెషీన్‌లో ఉన్న కాస్త మెమరీ రికార్డింగులతో నిండిపోయింది.

ముందు మెమరీలో ఉన్నవాటిని డిస్క్ మీదకు కాపీ చేశాను. అన్నీ కరెంటు వచ్చిన తర్వాత చేసినవే. మాట సరిగా రాక ఒక్కో వాక్యాన్ని పదేసిసార్లు చేశారు. ఒకటి ప్లే చేశాను. మాటలు ఒకదానిలోకి ఒకటి జారిపోతున్నాయి. పక్కనున్న అంకుల్ అది ఏ వాక్యమో మెల్లగా చెప్పారు. ఆయన చెప్పకపోతే నాకు అర్థమయ్యేది కాదు.

"మరి మొదట్లో చేసినవి?" అన్నారు.

"అవి ఉండొచ్చంకుల్. డిస్క్ మీద పాత ఫోల్డర్ అలాగే ఉంది. దాని మీద ఈ కొత్తది వచ్చి కూర్చుంది. కిందది మనకి కనిపించట్లేదంతే. డిస్క్‌ని ఇంకో చోట తెరిచి చూస్తే దొరుకుతాయి."

దొరికాయి. వేసవిలో చేసినవన్నీ వరసగా వచ్చాయి. మొదటిది ప్లే చేయగానే, "కొంచెం మంచినీళ్లు ఇస్తారా?" అని ఆంటీ గొంతు స్పష్టంగా పలికింది. అంకుల్ పక్కనున్న స్టూలు మీద కూర్చుండిపోయారు.

"వచ్చాయి కదా! ఇంకేం, అన్నీ ఉన్నట్టే," అన్నారు.

కానీ అన్నీ రాలేదు. అప్‌గ్రేడ్ చేసిన రోజు నుంచి కరెంటు పోయిన రోజు దాకా చేసినవి లేవు. వాటిని రాయడమే మెమరీలో రాశారు. కరెంటుతో పాటే అవీ పోయాయి. మెమరీ చాలనప్పుడు మెషీన్ వాడుకునే డిస్క్ భాగాన్ని కూడా వెతికాను. అంకుల్ తీసుకునే బ్యాకప్‌లను చూశాను. బ్యాకప్ ప్రోగ్రాములు టెంప్ ఫోల్డర్ జోలికి పోవు. మధ్యాహ్నం దాకా తెలిసిన దారులన్నీ తొక్కి చూశాను.

"ఇంకోసారి చూడమ్మా."

చూశాను. ఆయన మనసు కోసం మరోసారి కూడా చూశాను.

"వేసవిలో చేసినవి అవసరాలమ్మా," అన్నారు అంకుల్. "నీళ్లు, మందు, దుప్పటి, పక్కకి తిప్పండి అని. థెరపిస్ట్ ముందు అవి చెయ్యమంది. అవన్నీ అయిపోయాక ఆవిడ తన ఇష్టం వచ్చినవి మొదలెట్టింది. నన్ను వెక్కిరించేవి, దెబ్బలాడేవి. పెళ్లిచూపులకి నేను కట్టుకొచ్చిన టై గురించి ఒకటుంది, అది చెబుతూ మధ్యలోనే నవ్వేసింది. మళ్లీ చేద్దామంటే వద్దంది, నవ్వుతోనే ఉంచమంది. అవేనా పోయినవి?"

"అవే అంకుల్."

"నేను మంచి చేద్దామనే అప్‌గ్రేడ్ చేశానమ్మా," అన్నారు. అప్పటికే అప్‌గ్రేడ్‌తో వచ్చిన మార్పుల వివరాలు తెరిచి చదువుతున్నారు. టెంప్ ఫోల్డర్ సంగతి అందులో ఒక్క లైన్‌లో ఉంది. దాని మీద వేలు పెట్టి అలాగే కూర్చున్నారు.

పైకి వచ్చాం. ఆంటీ హాల్లో కిటికీ పక్కన కుర్చీలో ఉన్నారు. ఒడిలో చిన్న వైట్‌బోర్డు. మా ముఖాలు చూసి దాని మీద రాశారు: "ఏవి పోయాయి?"

అంకుల్ నా వైపు చూశారు. తర్వాత ఆంటీ కాళ్ల దగ్గర నేల మీద కూర్చున్నారు. "నీ తిట్లు పోయాయి. మంచినీళ్లు, మందులు మిగిలాయి," అన్నారు.

ఆంటీ ఆ రాసింది తుడిచి, వంకర అక్షరాలతో మళ్లీ రాశారు: "తిట్లు మీకు కంఠతా వచ్చుగా."

ముగ్గురం నవ్వాం. ఆవిడ భుజాలు మాత్రమే కదిలాయి, నవ్వు బయటికి రాలేదు. కాసేపటికి ముఖం కిటికీ వైపు తిప్పుకున్నారు. భుజాలు కదులుతూనే ఉన్నాయి. అది నవ్వు కాదని తెలిసి నేను వంటింట్లోకి వెళ్లి, అక్కర్లేకపోయినా టీ పెట్టాను.

దొరికిన ఫైళ్లన్నీ భద్రమైన చోటికి మార్చి, మూడు చోట్ల కాపీలు పెట్టాను. నా చేతనైంది అంతే.

త్వరలోనే ఆంటీకి రాయడం కూడా పోయింది. ఒక్క చూపుడు వేలు మిగిలింది. ట్యాబ్లెట్ మీద ఆ అవసరాల బటన్లు తప్ప వేరే మాట లేదు. అయినా ఆవిడ ఊరుకోలేదు. అంకుల్ తన ఉద్యోగం రోజుల కథ మొదలుపెట్టి సాగదీస్తుంటే, ఆంటీ వేలు నెమ్మదిగా జరిగేది. "నొప్పిగా ఉంది," అనేది ట్యాబ్లెట్. నేను పకపకా నవ్వేదాన్ని. "చూశావా, నా కథ వింటే మీ ఆంటీకి నొప్పట!" అంటూ అంకుల్ కూడా నవ్వేవారు. ఒకసారి వాళ్ల అమ్మాయి వాంకూవర్ నుంచి వీడియో కాల్‌లో ఎవరి మీదో కంప్లెయింట్ చేస్తుంటే, "పక్కకి తిప్పండి" నొక్కారు. ఆ అమ్మాయి, "మామ్, దట్స్ సో మీన్!" అని కళ్లనీళ్లు వచ్చేలా నవ్వింది.

ఫిబ్రవరిలో ఒక సాయంత్రం నేను అక్కడే ఉన్నాను. అంకుల్ ఏదో చెబుతున్నారు. "నొప్పిగా ఉంది," అంది ట్యాబ్లెట్. అంకుల్ నవ్వేశారు. నేనూ నవ్వాను. మళ్లీ, "నొప్పిగా ఉంది." అంకుల్ ఇంకా నవ్వుతూనే వెనక్కి తిరిగి ఆంటీ ముఖం చూశారు. ఆ చూపు నాకిప్పటికీ కనిపిస్తుంది. మందు ఇచ్చి, నర్సుకి ఫోన్ చేసి, ఆవిడ నిద్రపోయే దాకా చెయ్యి పట్టుకునే కూర్చున్నారు. తప్పు ఎవరిదీ కాదు. అవే మాటలు, అదే గొంతు. రెంటికీ తేడా చెప్పడానికి ఆవిడ దగ్గర వేరే మాట లేదు.

ఆ తర్వాత ఆంటీ ఆ బటన్‌తో వేళాకోళం ఆడలేదు. అంకుల్ కథలు చెప్పడం మానేశారు.

మంచు కరగక ముందే ఆంటీ పోయారు. పిల్లలు వచ్చారు. చేయవలసినవన్నీ చేసి, తిరిగి వెళ్లారు. తమతో రమ్మన్నా అంకుల్ వెళ్లలేదు.

ఏప్రిల్‌లో ఒక మధ్యాహ్నం చూడ్డానికి వెళ్తే బేస్‌మెంట్‌లో ఉన్నారు. మైక్ ఆన్‌లో ఉంది. పోయిన వాక్యాలు తనకి గుర్తున్నంతవరకు తన గొంతుతో చెప్పి రికార్డ్ చేద్దామనుకున్నారట.

"కుదరలేదమ్మా. మాటలన్నీ గుర్తున్నాయి. నేను చెబితే నా మీద నేనే కంప్లెయింట్ చేసుకుంటున్నట్టుంది," అని మైక్ ఆపేశారు.

"ఉన్నవి వింటున్నారా అంకుల్?" అని అడిగాను.

తల అడ్డంగా ఊపారు. "ఒకసారి పెట్టాను. అన్నీ ఏదో కావాలని అడిగేవేగా. నీళ్లు ఇస్తారా అంటుంది. లేచి మెట్ల దాకా వెళ్లిపోయాను."

తర్వాత కంప్యూటర్ వైపు తిరిగి, ఫైళ్లు ఎక్కడెక్కడ ఉన్నాయో చూపించమన్నారు. నేను కుర్చీ దగ్గరికి లాక్కుని, ఒక్కొక్క చోటూ తెరిచి చూపించాను. ఆయన ఏదీ ప్లే చేయలేదు. అన్నీ ఉన్నాయని మాత్రం చూసుకున్నారు.