గుడ్డ కప్పిన కంప్యూటర్

మా తమ్ముడు గల్ఫ్ జైల్లో పడ్డప్పటి నుంచి మా ఇంట్లో ఫోన్ మోగితే ఎవరికీ మామూలుగా ఎత్తబుద్ధి కావడం లేదు. మా నాన్న, మేము బాపు అంటాం, ఆయనైతే లేచి నిలబడతాడు, మాట్లాడినంతసేపూ నిలబడే ఉంటాడు. వాడు అక్కడ నీళ్ల ట్యాంకర్ నడిపేవాడు. ఒక మలుపులో మనిషికి తగిలింది. ఆ మనిషి ఇంకా ఆసుపత్రిలోనే ఉన్నాడు, వీడు ఇంకా లోపలే ఉన్నాడు. తప్పెవరిదో తేలేదాకా ఇంతేనని అక్కడి లాయరు చెప్పాడు. ఏడాది దాటింది. అప్పుడప్పుడు గొంతు వినబడేది గానీ వాడి మొహం మాత్రం ఎవరమూ చూడలేదు.

ఒక మంగళవారం పొద్దున బాపు మెయిల్‌కు ఒక లింకు వచ్చింది. ఆ మెయిల్ నా ఫోన్‌లోనూ ఉంటుంది కాబట్టి ముందు నేనే చూశాను. ఆ రోజే పదకొండు గంటలకు వాణ్ని వీడియోలో చూపిస్తారట, కాసేపే. కంప్యూటర్‌లోనే తెరవాలట. అనుమతి తల్లిదండ్రులకు మాత్రమే. వేరే ఎవరు కనిపించినా, వినిపించినా కాల్ కట్ చేస్తారు, మళ్లీ ఎప్పుడిస్తారో చెప్పలేరు.

ఆ ముక్క చదవగానే నాకు ఒళ్లు మండింది. వాణ్ని చంకనేసుకుని తిరిగింది నేను. బడిలో వాడి కోసం దెబ్బలు తిన్నది నేను. పెళ్లయి నిజామాబాద్‌లో కాపురం పెట్టినందుకు అక్కను కాకుండా పోయానా? కానీ కోపం తెచ్చుకుని కూర్చునే తీరిక లేదు. అప్పటికే పది దాటింది. బాపువాళ్లుండే బోధన్‌కు బస్సు ఎక్కినా నేను చేరేసరికి అంతా అయిపోతుంది. నేను పనిచేసే ఆడిటర్ ఆఫీసులో సార్‌కు విషయం చెప్పి, లోపలి గదిలో తలుపేసుకుని కూర్చున్నాను.

బాపు కంప్యూటర్ ఆయన బోధన్ బస్టాండ్ దగ్గర జిరాక్స్ దుకాణం నడిపిన రోజులది. పెళ్లి పత్రికలు తెలుగులో, మరాఠీలో టకటకా కొట్టేవాడు. దుకాణం తీసేశాక ఇంటికి తెచ్చుకున్నాడు. కీబోర్డు మీద ఆయన వేళ్లు ఎంత చురుకో, ఇంటర్నెట్ దగ్గర అంత మొద్దు. అందుకే రెండు మూడేళ్లుగా ఆ కంప్యూటర్‌కు దూరపు వైద్యం నాదే. ఫోన్ స్పీకర్‌లో పెట్టి, తెర మీద వచ్చిన అంకెలు బాపు చదువుతాడు. నేను ఇక్కడ కొడతాను. వాళ్ల తెర నా తెర మీదికి వస్తుంది. బాణం గుర్తు దానంతటది కదలగానే మా అమ్మ, మేము అవ్వ అనే పిలుస్తాం, ప్రతిసారీ ఒకటే మాట అంటుంది.

"అగో, బిడ్డ చెయ్యి వచ్చింది."

ఆ రోజు కూడా అంది.

"బాపు, మౌస్ ముట్టకు. నేను చూస్కుంట," అన్నాను.

"ముడ్తలేను బిడ్డా. చేతులు ఒళ్లె వెట్టుకున్న."

మెయిల్ తెరిచాను. లింకు పేజీ సిద్ధం చేశాను. పైన తగిలించిన కెమెరా పనిచేస్తోందో లేదో చూశాను. నా తెర మీద ఇద్దరూ కనబడ్డారు. బాపు ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. అవ్వ చర్చికి కట్టే తెల్ల చీర కట్టుకుంది, తల దువ్వుకుంది. పదకొండుకు ఇంకా కొంచెం టైముంది. ఆ గంటకు ఆకుపచ్చ బొత్తం వస్తుంది, దాన్ని నొక్కితే చాలు. అంతకుముందే నేను తప్పుకోవాలి.

"బాపు, పచ్చ బటన్ వస్తది, నొక్కు. గంతే. నడుమ ఫోన్ మోగొద్దు, స్విచ్ ఆఫ్ చెయ్యి. ఇగ నా పని అయిపోయింది, పోతున్న."

"అయిపోయిందా? మంచిది బిడ్డా."

ఫోన్ ఆగిపోయింది. నేను తప్పుకోబోతూ ఒక్క క్షణం వాళ్లిద్దరినీ చూస్తూ ఉండిపోయాను. అప్పుడే బాణం కదిలింది. నేను కదపలేదు. అది మెల్లగా కింది మూలకు, కంప్యూటర్ బంద్ చేసే గుర్తు వైపు పోతోంది.

మా ఇంట్లో పని అయిపోయింది అంటే అర్థం అదే. దుకాణంలో ఒకసారి ఉరుముల వానకు కంప్యూటర్ కాలిపోయింది. అప్పటి నుంచి పని కాగానే బంద్ చేయడం, గోడ స్విచ్ తీసేయడం, పైన అవ్వ అల్లిన గుడ్డ కప్పడం. ఎన్నిసార్లు ఆయనకు కంప్యూటర్ బాగుచేసినా, చివర "అయిపోయింది బాపు, ఇగ బంద్ చెయ్యి" అన్నది నేనే. ఈసారి బంద్ చేయమని అనకపోయినా, అలవాటు ఆ మాటను తనే కలుపుకుంది.

నేను బాణాన్ని పట్టి పైకి గుంజాను. బాపు కిందికి గుంజాడు. ఒకే గిన్నెను ఇద్దరు చెరోవైపు లాగినట్టైంది. "బాపూ, వద్దు!" అని ఖాళీ గదిలో అరిచాను. కెమెరాలో బాపు మౌస్‌ను బల్లకేసి తట్టడం కనబడింది, మౌస్ మొరాయిస్తోందనుకున్నట్టున్నాడు. ఇక ఓపిక పట్టలేక గోడ వైపు వంగాడు. నా తెర నల్లబడింది.

ఫోన్ చేశాను. స్విచ్ ఆఫ్. అవ్వకు వేరే ఫోన్ లేదు. ఆఫ్ చేయమన్నది నేనే కదా అని నన్ను నేను తిట్టుకున్నాను, బాపునూ తిట్టాను, ఆ జైలువాళ్లనూ తిట్టాను. పదకొండు కావస్తోంది. అప్పుడు పక్కింటి పిన్నిగారు గుర్తొచ్చారు. వాళ్లు తాతల కాలంలో కోస్తా నుంచి వచ్చి, కాలువ కింద భూమి కొనుక్కుని స్థిరపడ్డవాళ్లు. రెండో రింగుకు ఎత్తారు.

"ఏమ్మా, బాగున్నావా? కోత కూలీలకి అన్నాలు కడుతున్నాను..."

"పిన్నీ, మా ఇంటికి ఉరుకు! కంప్యూటర్ బంద్ చేసిండ్రు! తమ్ముడు వీడియోల వస్తడు, ఇప్పుడే!"

ఆవిడ ఇంకో ప్రశ్న వేయలేదు. చెప్పుల చప్పుడు, గేటు కిర్రుమన్న చప్పుడు వినిపించాయి. తర్వాత ఆవిడ గొంతు చిన్నగా వచ్చింది.

"అయ్యో, ఏం చెప్పనమ్మా. ఇద్దరూ కుర్చీలేసుకుని దాని ఎదురుగా కూర్చున్నారు. గుడ్డ కప్పేసే ఉంది. మీ నాన్నగారు చేతులు కట్టుకుని ఎదురు చూస్తున్నారు."

ఫోన్ మోగినట్టు అది తనే మోగుతుందని, అప్పుడు గుడ్డ తీస్తే సరిపోతుందని వాళ్లు అనుకున్నారు. నాకు నవ్వు రాలేదు. కన్నీళ్లు వచ్చాయి.

"బాపు, స్విచ్ వెయ్యి! జెల్ది!" పిన్ని ఫోన్‌లో అరిచాను.

ఆ పాత కంప్యూటర్ లేవడానికి పట్టిన సమయంలో నేను కుర్చీలో కూర్చోలేకపోయాను. అవ్వ సన్నగా ప్రార్థన చేసుకోవడం వినబడుతోంది. బాపు అంకెలు చదివాడు, తడబడ్డాడు, మళ్లీ చదివాడు. చివరికి వాళ్ల తెర నా ముందుకు వచ్చింది. పదకొండు దాటిపోయింది. లింకు నొక్కాను. కెమెరాకు అనుమతి కావాలంది, ఇచ్చాను. మైకుకు కావాలంది, ఇచ్చాను.

"పిన్నీ, నువ్వు ఫోన్ తీస్కొని బయటకు పో. ఎవ్వరు ఉండొద్దు."

ఆవిడ వెళ్లిపోయారు. ఇక నా మాట వాళ్లకు చేరదు. వాళ్ల కంప్యూటర్‌లో వినిపించేదంతా నాకు వినబడుతోంది, అంతే. పచ్చ బొత్తం కోసం ఒక్క క్షణం ఆగాను. రాగానే బాపు చేతికి వదలకుండా నేనే నొక్కాను. నొక్కిన వెంటనే తప్పుకుందామనుకున్నాను.

తెర మీద తమ్ముడున్నాడు.

గుండు చేయించారు. బుగ్గలు పీక్కుపోయాయి. అయినా వాడు నవ్వుతున్నాడు. చిన్నప్పుడు దెబ్బ తగిలి ఇంటికొస్తే అవ్వ భయపడకూడదని నవ్వినట్టే నవ్వుతున్నాడు. నా చేయి మౌస్ మీదే బిగుసుకుపోయింది. ఇంకొక్క క్షణం చూస్తే ఏమవుతుందిలే అనుకున్నాను. నాకూ వాడే కదా తమ్ముడు.

వాడి వెనక నుంచి ఒక గొంతు హిందీలో బాపు పేరు అడిగింది. బాపు లేచి నిలబడ్డాడు. అధికారి ముందు కూర్చుని మాట్లాడటం ఆయనకు రాదు. కెమెరాలో చొక్కా గుండీలే మిగిలాయి. కూర్చోమని ఆ గొంతు కసిరింది, అవ్వ చొక్కా పట్టి గుంజింది. బాపు కూర్చుని ఉర్దూలో పేరు చెప్పాడు. తర్వాతి ప్రశ్న వచ్చింది. మీ ఇంట్లో గానీ, ఈ కంప్యూటర్‌లో గానీ మీ ఇద్దరు కాక ఇంకెవరైనా ఉన్నారా?

బాపు నోరు తెరవలేదు. ఆయన అబద్ధమాడడు. ఆడబోయినా చెవులు ఎర్రబడి దొరికిపోతాడు. ఆయన కళ్లు తెర మూలకు పోయాయి. నేను వాళ్ల కంప్యూటర్‌లో ఉన్నంతసేపూ అక్కడ నా పేరుతో చిన్న గడి కనబడుతుంది. ఆ గొంతు మళ్లీ, ఈసారి గట్టిగా అడిగింది. తమ్ముడి నవ్వు తగ్గింది.

నేను తప్పుకున్నాను.

ఆ తర్వాత నా ముందు మా ఆఫీసు ఫైళ్లున్న తెర తప్ప ఏమీ లేదు. బాపు ఏం చెప్పాడో తెలియదు. కాల్ తెగిందో, నడుస్తోందో తెలియదు. నా వల్లే తెగి ఉంటే ఆ ఇంటి గడప ఎట్లా తొక్కుతానా అనుకున్నాను. సార్ తలుపు తీసి నా మొహం చూసి మళ్లీ వేసేశారు.

చాలాసేపటికి బాపు ఫోన్ చేశాడు.

"మాట్లాడినం బిడ్డా," అన్నాడు.

నేను బల్ల మీద తల పెట్టేశాను. "గాయన అడిగినప్పుడు ఏం చెప్పినవ్ బాపు?"

"ఎవ్వరు లేరన్న. నీ పేరు పోయేదాంక ఆగి చెప్పిన."

"వాడేమన్నడు?"

"అవ్వతోని మస్తు నవ్విండు. మంచిగ తింటున్న అన్నడు. కొన్ని దినాలల్ల వస్త అన్నడు. నాకైతె నమ్మబుద్ది కాలే. ఆఖర్ల అక్క ఏది బాపు అని అడిగిండు."

"ఏమన్నవ్?"

"గిప్పుడే పోయింది రా, నిన్ను సూసే పోయింది అన్న. అంతసేపు నవ్విన పోరడు, గా మాటకు ఏడ్సిండు."