స్టార్టింగ్ లైన్ మీద కొబ్బరికాయ

మీరు పెసరట్టు మాడ్చి ఉంటారు, పెళ్ళిచూపులు చెడగొట్టి ఉంటారు. కానీ ఒక కారు పందేన్ని కొబ్బరినీళ్ళలో ముంచేసిన మనిషి, నాకు తెలిసి, ఈ భూప్రపంచంలో నేనొక్కణ్ణే. అప్పుడే నవ్వకండి, ఇంకా మొదలుపెట్టలేదు.

ఎనభైల మొదట్లో అమెరికాలో, ఒహాయో రాష్ట్రంలో ఒక చిన్న ఊళ్ళో పంపుల ఫ్యాక్టరీలో ఇంజినీరుగా ఉండేవాణ్ణి. నాతో పనిచేసే డేల్ ఊరి బయట పొలం కౌలుకు తీసుకుని, తారు రోడ్డు వేయించి, ఆదివారాలు డ్రాగ్ రేసులు నడిపేవాడు. రెండు కార్లు పక్కపక్కన నిలబడతాయి. పచ్చదీపం వెలగ్గానే తిన్నగా దూసుకుపోతాయి. మీరు ఒక్క తుమ్ము తుమ్మి కళ్ళు తెరిచేసరికి ఒకడు గెలిచేసి ఉంటాడు. అందుకేనేమో, డ్రైవర్ల పెళ్ళాలు తప్ప చూడ్డానికి ఎవరూ వచ్చేవారు కాదు.

ఒకరోజు డేల్ మొహం వేలాడేసుకుని వచ్చాడు. "మూర్తీ, పొలం ఓనర్ హ్యాంక్ ఈ ఆదివారం చూడ్డానికొస్తాట్ట. జనం లేకపోతే రోడ్డు పీకించి మొక్కజొన్న వేస్తాట్ట."

నాకు డ్రైవింగ్ నేర్పినవాడు, మొదటి చలికాలమంతా నన్ను తన ట్రక్కులో పనికి తీసుకెళ్ళినవాడు డేల్. "జనమేగా! నాకు వదిలెయ్," అనేశాను. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు గానీ, నోరు తొందరదైతే ఊరేం చేస్తుంది చెప్పండి!

ఇంటికెళ్ళి చెబితే మా శారద నన్ను ఎగాదిగా చూసింది. "రెప్ప వేసేలోపు అయిపోయేదానికి రెండు గంటలు డ్రైవ్ చేసుకుని ఎవరొస్తారండీ? మనవాళ్ళు రావాలంటే పూజన్నా ఉండాలి, పులిహోరన్నా ఉండాలి."

"రెండూ పెట్టేద్దాం!"

అప్పట్లో మాకు దగ్గర్లో గుడి లేదు. కొత్త కార్లు కొన్నవాళ్ళంతా వాహనపూజ జరగలేదన్న బెంగతో బ్రేకు నొక్కినప్పుడల్లా దేవుణ్ణి తలుచుకునేవారు. మంత్రాలు వచ్చినాయన డాక్టర్ శాస్త్రిగారొక్కరే. వారమంతా ఆపరేషన్ థియేటర్లో మత్తు డాక్టరు, సెలవురోజున పురోహితుడు. రెండు చోట్లా జనం నిద్రపోయేవారని గిట్టనివాళ్ళు అనేవారు లెండి. ఆయన్ని ఒప్పించి, అందరికీ ఫోన్లు కొట్టాను. "వాహనపూజ! పులిహోర!" అని గట్టిగా, "తర్వాత కార్ రేసు" అని మెల్లిగా చెప్పాను.

ఆదివారం కార్లు బారులు తీరాయి. గేటు దగ్గర టికెట్లు చింపుతున్న డేల్ కళ్ళు చెమర్చాయి. "మూర్తీ, వీళ్ళంతా నా రేస్ కోసమేనా?"

"మరి!" అన్నాను, ఎటో చూస్తూ.

శాస్త్రిగారు కండువా సర్దుకున్నారు. "పూజ ఎక్కడోయ్?"

"మీ ఇష్టం సార్."

"ప్రయాణం మొదలయ్యే చోటే శ్రేష్ఠం," అంటూ స్టార్టింగ్ లైన్ మీద పీట వేయించారు.

టైర్లకు పట్టు దొరకాలని పొద్దున్నే డేల్ మోకాళ్ళ మీద కూర్చుని జిగురు పూసిన చోటది. అక్కడ ఎవర్నీ చెప్పులతో తొక్కనిచ్చేవాడు కాదు. మనవాళ్ళు చెప్పులు విప్పే తొక్కారు, పాపం! ఒక్కో కారూ వచ్చింది. చక్రాల కింద నిమ్మకాయలు నలిగాయి, బంపర్ల ముందు కొబ్బరికాయలు పగిలాయి. నీళ్ళూ రసమూ పసుపూ కుంకుమా కలిసి ఏరులై పారాయి. కాలేజీలో ఘర్షణ మీద పేజీలకు పేజీలు రాసిన ఈ మెకానికల్ ఇంజినీరు ఏం చేస్తున్నాడంటారా? కొబ్బరిముక్కలు పంచుతున్నాడు.

మొదటి పందేనికి డేల్ స్వయంగా తన ఎర్రకారులో కూర్చున్నాడు. ముందు వరసలో హ్యాంక్, చేతిలో పులిహోర ప్లేటు. పచ్చదీపం వెలిగింది. ఇంజను గర్జించింది, చక్రాలు గిర్రున తిరిగాయి, పొగ ఆకాశాన్నంటింది. కారు మాత్రం అంగుళం కదిలితే ఒట్టు! పక్కనున్న కారు గుండ్రంగా తిరిగి, వచ్చిన దారికే మొహం పెట్టింది.

మావాళ్ళు ఒకటే చప్పట్లు. "భలే! ఉన్నచోటే తిప్పడం ఎంత కష్టమో!"

"మమ్మీ, అది ఎందుకు గో అవ్వట్లేదు?" అనడిగాడో పిల్లాడు.

"దణ్ణం పెట్టుకుంటోంది నాన్నా."

డేల్ దిగి, రోడ్డు మీద వేలు రాసి వాసన చూశాడు. "మూర్తీ! ఏంటిది?"

"కొబ్బరినీళ్ళు."

"నా స్టార్టింగ్ లైన్ మీదా?"

"నిమ్మరసం కూడా ఉంది," అన్నాను. దాచడం దేనికని!

ఎంత కడిగినా పట్టు రాలేదు, ఒక్క పందెమూ జరగలేదు. హ్యాంక్ ప్లేటు ఖాళీ చేసి, మొహానికి టోపీ అడ్డం పెట్టుకుని వెళ్ళిపోయాడు. డేల్ నా మొహం కూడా చూడలేదు. నాకు ఏడుపొచ్చింది, నిజంగా.

ఆ తర్వాతి ఆదివారం పొద్దున్నే హ్యాంక్ ట్రాక్టర్ మీద వచ్చాడు. "దున్నేస్తున్నాడు," అని డేల్ కూలబడ్డాడు. నేను చేతులు చాపి ట్రాక్టర్‌కి అడ్డం పడ్డాను. "తప్పు నాది సార్! డేల్‌ది కాదు!"

"తప్పుకో అబ్బాయ్," అన్నాడు హ్యాంక్. "ఆ నిమ్మకాయల డాక్టర్ ఏడీ? ఇది కొత్త ట్రాక్టర్, దీనికీ చేయించాలి. అంత నవ్వి ఎన్నేళ్ళయిందో! మా చర్చి వాళ్ళందరికీ చెప్పాను."

ట్రాక్టర్ వెనక్కి చూద్దును కదా, కంటికి ఆనినంత దూరం పికప్ ట్రక్కులే!

డేల్ లేచి, నా భుజం మీద చెయ్యేశాడు. "పూజ ఇక పార్కింగ్ లాట్‌లో. డాక్టర్ రావచ్చు, పులిహోర రావచ్చు, మీవాళ్ళంతా రావచ్చు. నువ్వు మాత్రం గేటు దాటకు."

కనుక అష్టదిక్పాలకుల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: ఇక ఈ జన్మలో నిమ్మకాయ చేతికొస్తే పులిహోరలో పిండుతాను తప్ప, తారు రోడ్డు దరిదాపులకు తీసుకెళ్ళను.