రెండు జెండాలు, ఒక కోరు చేను

పార్టీలు రంగు మారుస్తున్నాయని పొద్దున్నే పేపరు చేతపట్టుకుని వచ్చి చెప్పేవాళ్ళంటే నాకు విసుగు. మా పక్కింటి రిటైర్డు తహశీల్దారు ఈ పని రోజూ చేస్తాడు. వామపక్షాలు వామపక్షాల్లా లేవని, మధ్యేవాదులు మధ్యలో నిలబడడం లేదని నా కాఫీ తాగుతూ బాధపడతాడు. ఎప్పుడు నిలబడ్డారు కనుక? ఉద్యోగంలో చేరిన నాటినుంచి ఈ రోజువరకు నేను డైరీ మానలేదు. ఎండా వానా, వచ్చిన మనిషి, అన్న మాట, అంతే రాస్తాను. అందులో సిద్ధాంతాలేవీ లేవు. యాభైల డైరీల్లో మాత్రం ఒక చేను ఉంది. ఈ పార్టీల సంగతి నాకు అర్థమైనంతవరకూ ఆ చేనులోనే అర్థమయింది.

అప్పుడు నేను కర్నూలులో ఒక వకీలు దగ్గర గుమాస్తాను. ఊరు కొత్తగా రాజధాని అయింది. గుడారాల్లో సర్కారు ఆఫీసులు, గుడారాల బయట కొత్త నాయకులు. కోర్టు పని అయ్యాక నేను ఎర్రజెండా పార్టీ ఆఫీసుకు పోయేవాణ్ణి. నూనె మిల్లు సందులో మేడమీద ఒక గది అది. నా చేతిరాత గుండ్రంగా ఉంటుందని తీర్మానాలు నాచేత రాయించేవాళ్ళు. మా వకీలుకు ఈ సంగతి తెలుసు. కాగితం మీద ఒలకనంతవరకు సిరా ఏ రంగైతే ఏమిటి అనేవాడు.

మా సొంత ఊరు బనగానపల్లె వైపు, నల్లరేగడి నేల. అక్కడ మా ఇంటికి గోడ ఆనుకుని ఉన్న ఇంట్లో ఒక తురకల కుటుంబం ఉండేది. ఆ ఇంటి పెద్దను నేను మామా అనేవాణ్ణి, ఆయన నన్ను అల్లుడా అనేవాడు. మామకు సొంత భూమి లేదు. ఇద్దరు దాయాదుల ఉమ్మడి చేను కోరుకు చేసేవాడు. కోరు అంటే పండినదాంట్లో సగం చేసినవాడికి, సగం భూమిగలవాళ్ళకు. ఆ దాయాదులను ఊళ్ళో పెద్దాయప్ప, చిన్నాయప్ప అనేవాళ్ళు. ఆ చేను పంపకం కోసం వాళ్ళ తండ్రులు వేసిన దావా కొడుకుల కాలానికీ తేలలేదు. పెద్దాయప్ప తరఫు వకీలు మావాడే కాబట్టి ఆ దస్త్రం దుమ్ము దులిపేది నేనే.

ఆ దావా వల్లే మామ బతికాడు. కోరుదారును మార్చాలని ఒక దాయాది అంటే, రెండోవాడు ఒప్పుకోడు. ఒప్పుకుంటే చేను అవతలివాడి స్వాధీనంలో ఉన్నట్టు కోర్టులో రుజువవుతుంది. అందుకని తండ్రులు పెట్టిన మనిషినే కొడుకులూ ఉంచారు. పక్క చేన్లలో కోరుదార్లు మారుతూ ఉన్నా, ఈ చేనులో మామ కదలలేదు.

కళ్ళంలో జొన్నల రాశి పంచే రోజు చూడాలి. రాశికి ఇటు పెద్దాయప్ప మనిషి, అటు చిన్నాయప్ప మనిషి గోనెపట్టాలు పరుచుకుని కూర్చునేవాళ్ళు. చెయ్యి చాస్తే తగిలేంత దగ్గరే. అయినా ఒకరితో ఒకరు మాట్లాడరు. అంతా మామ నోటిగుండా నడవాలి.

"వాళ్ళ పట్టామీద గింజ ఎక్కువ పడిందని చెప్పు" అనేవాడు ఇటువైపు మనిషి.

"ఇన్యావా అప్పా, ఎక్కువ పడిందంట" అనేవాడు మామ, అటు తిరిగి.

"కండ్లు కడుక్కోని సూడమను."

"కండ్లు కడుక్కోమంటాండాడు. నీళ్ళు తెప్పియ్యల్నా?"

ఇద్దరికీ నవ్వొచ్చేది, మీసాల కింద అణచుకునేవాళ్ళు. నవ్వినా తప్పే మరి, స్వాధీనం పోతుంది!

ఎర్రజెండా పార్టీ మా ఊళ్ళో కోరుదార్ల సంఘం పెట్టింది. మామ దాని అధ్యక్షుడు. ఆ పార్టీ మంచి పని చెయ్యలేదని నేను అనను. అంతకుముందు విత్తనం మొత్తం కోరుదారు నెత్తినే పడేది. సంఘం వచ్చాక రాశిలోంచి ముందు విత్తనాలు తీసి, మిగిలింది పంచడం మొదలయింది. మామ తన మంచె కొయ్యకు ఎర్రగుడ్డ కట్టుకున్నాడు. పిట్టలు బెదురుతాయి, ఆయప్పలూ బెదురుతారు అనేవాడు.

యాభైఐదు ఎన్నికలు వచ్చాయి. ఈసారి అధికారం మనదేనని మేడమీద గదిలో ఒకటే సందడి. గెలుపు వాసన తగిలిందంటే ఏ పార్టీకైనా బుద్ధి పక్కకు పోతుంది, అది నేను తర్వాత చాలాసార్లు చూశాను. మా సీటు వ్యవహారం చూడడానికి కృష్ణా కాలువల కింద పుట్టిపెరిగిన నాయకుడొకాయన వచ్చాడు. మంచివాడే, చదువుకున్నవాడే. మా చేన్లలో కాలువ లేకపోవడం కూడా ఏదో తాత్కాలిక పరిస్థితి అనుకునే రకం. చిన్నాయప్పను పార్టీ అభ్యర్థిగా నిలబెడదామన్నాడు. పెద్దాయప్ప అధికార పార్టీ తరఫున నిలబడుతున్నాడు కాబట్టి, ఆయన పగవాడు మన మనిషట.

"చిన్నాయప్ప కూడా భూమిగలవాడే కదండీ" అన్నాను.

"మీరు యాంత్రికంగా ఆలోచిస్తున్నారు కామ్రేడ్. ముందు పెద్ద శత్రువును వేరు చెయ్యాలండీ. చిన్నవాణ్ణి తర్వాత చూసుకుందాం."

"వాళ్ళిద్దరి తగాదా వల్లే మా సంఘం అధ్యక్షుడి చేను నిలబడి ఉంది. వాళ్ళు కలిశారంటే పోతుంది."

"తరాల పగండీ! ఎలా కలుస్తారు?"

దాయాదులు ఎలా కలుస్తారో కాలువ ఒడ్డున కూర్చున్నవాడికి ఏం చెప్పను? పగ సాగేది ఇద్దరికీ అందులో లాభం ఉన్నంతవరకే. తీర్మానం రాయమన్నారు. నేను రాయనని కలం జేబులో పెట్టుకున్నాను. ఇంకెవరో కోడికెలికినట్టు రాశారు. తీర్మానం మాత్రం చక్కగా నెగ్గింది.

ఆ ఆదివారం ఊరికి పోయి మామకు చెప్పాను. మామ మొహం వెలిగిపోతూ ఉంది.

"అల్లుడా, సూసినావా? చిన్నాయప్ప నిన్న మా ఇంటికొచ్చి నా పక్కన సాపమీద కూచున్న్యాడు! మా నాయన కాలంలో వాళ్ళ అరుగెక్కనిచ్చినారా మమ్మల్ని?"

"కూచున్నాడు సరే మామా. చేను నీకు రాసిస్తానన్నాడా?"

"అట్ల అడుగుతారా యాడన్నా? కామ్రేడు అన్న్యాక అన్నీ వస్తాయి."

"కోర్టులో దావా ఉన్నంతకాలమే నీకు చేను. చిన్నాయప్ప నోటితో ఒక మాట అనిపించుకో. గెలిచినా ఓడినా నిన్ను కదిలించనని పదిమందిలో అనమను."

"నువ్వు వకీలు కాడ శానా దినాలుండి చెడిపోయినావప్పా" అని నవ్వాడు. మామ మీద కూడా నాకు కోపమొచ్చింది. దశాబ్దాల చేనును ఒక పూట చాప మీద కూర్చున్న మర్యాదకు ఇచ్చేసేటట్టున్నాడు.

ఇక ప్రచారం. ఒకే రోజు మా ఊళ్ళో రెండు సభలు జరిగాయి, ఉదయం అధికార పార్టీది, సాయంత్రం ఎర్రజెండాది. నా అలవాటు ప్రకారం రెండిట్లోనూ కూర్చుని రాసుకున్నాను. పెద్దాయప్ప కొత్త ఖద్దరు చొక్కాలో, ఇస్త్రీ మడత చెరగకుండా నిలబడి, సమాజవాదమే మా ఆశయం అన్నాడు. దున్నేవాడికే భూమి అన్నాడు. అంతకుముందు ఆ మాట అన్నందుకే మామ మీద పోలీసు కేసు పెట్టించినవాడు ఆయన. సాయంత్రం చిన్నాయప్ప మెడలో ఎర్ర తువ్వాలుతో లేచి, దేవాలయాలకు దీపం, రైతుకు గౌరవం, ఊరికి శాంతి అన్నాడు. భూమి అన్న మాట ఆయన నోటివెంట రానే లేదు. పెద్ద రైతులు బెదురుతారని కాలువ నాయకుడే ఆ మాట తీయించాడట. ఇంటికి వచ్చి రాసుకున్న కాగితాలు చూసుకుంటే, ఏది ఏ పార్టీ ఉపన్యాసమో పైన పేరు చూస్తే తప్ప తెలియలేదు. ఒకరి మాట ఒకరు ఎత్తుకుపోయారు. ఎత్తుకుపోయిన మాటను ఇద్దరిలో ఎవరూ వాడదలచుకోలేదు.

పెద్దాయప్ప గెలిచాడు. రాష్ట్రమంతా ఎర్రజెండాకు దెబ్బ తగిలింది. మేడమీద గదిలో ఆత్మవిమర్శ జరిగింది. మాటలకు తక్కువ లేదు, చేను గురించి ఒక్క ముక్క లేదు.

ఆ వేసవి దాటేలోగా చిన్నాయప్ప ఎర్ర తువ్వాలు తీసేశాడు. ఊరు బాగుపడాలంటే అధికారంలో ఉన్న పార్టీతో కలవక తప్పదట. కలిసేది పెద్దాయప్ప పార్టీలోనే కాబట్టి పెద్దాయప్పతోనూ కలవాలి. మధ్యవర్తులు ఇద్దరినీ మంత్రాలయం తీసుకుపోయి తుంగభద్రలో ముంచి లేపారు. పగ ఆ నీళ్ళలోనే కొట్టుకుపోయిందని ఊరంతా మెచ్చుకుంది. తర్వాత ఇద్దరూ ఒకే కారులో మా వకీలు దగ్గరికి వచ్చారు. రాజీ కాగితం రాయాల్సింది నేను. చేను సగం సగం, మధ్యలో గట్టు, ఇద్దరిదీ సొంత సేద్యం. ఆ చివరి మాట దగ్గర నా కలం ఆగింది.

"మరి కోరుదారు?" అని అడిగాను.

పెద్దాయప్ప కోప్పడలేదు. "కౌలుదార్ల చట్టం వస్తాండాది గుమాస్తప్పా. మా ప్రభుత్వమే తెస్తాండాది, మంచి చట్టం. అది వచ్చేనాటికి చేన్లో ఎవురుంటే వాళ్ళదవుతాది. అందుకే ముందుగాల సర్దుకుంటాండాం" అన్నాడు. చిన్నాయప్ప కిటికీలోంచి గుడారాలు చూస్తూ ఉండిపోయాడు.

రాశాను. అది నా ఉద్యోగం. మరునాడే మామను పిలిపించి పార్టీ ఆఫీసుకు తీసుకుపోయాను. మామ మెట్లెక్కి ఎర్రజెండాకు దండం పెట్టి కూర్చున్నాడు. కాలువ నాయకుడు అంతా విన్నాడు. నిజంగానే బాధపడ్డాడు కూడా.

"అన్యాయమండీ ఇది. పోరాడాల్సిందే. కానీ ఇప్పుడు పార్టీ పద్ధతి మారింది. గొడవలకు పోకుండా చట్టసభ ద్వారా సాధించాలి. మంత్రిగారికి మహజరు పెడదాం."

"పెడితే?" అన్నాడు మామ.

"మీ ఎమ్మెల్యే సిఫార్సు చేస్తే వెంటనే కదులుతుందండీ."

మామ నా మొహం చూశాడు. "మా ఎమ్మెల్యే అంటే ఎవురు అల్లుడా?"

"పెద్దాయప్ప" అన్నాను.

 మామ భుజాలు కదిలేటట్టు నవ్వాడు. "నా చేను పెరికినోని చీటీ తీసుకోనొస్తే, నా చేను నాకిప్పిస్తారు. సరేప్పా, శానా బాగుండాది. కళ్ళంలో నేను ఇద్దరి నడమ మాట మోసినా. ఇప్పుడు ఆ పని మీరు మొదలుపెట్టినారు."

నాయకుడు టీ తెప్పిస్తానన్నాడు. మామ తాగలేదు. మెట్లు దిగి సందులోకి వచ్చాక, మామ తరఫున నేను గట్టిగా తిట్టాను, రెండు పార్టీలనూ కలిపి. "ఊకుండప్పా, వాళ్ళు మారినారు. ఎద్దులకు మేతెట్లా, అది చెప్పు" అన్నాడు మామ.

మేతకు ఒకే దారి దొరికింది. అదే చేనులో కాడి కూలి. మామ ఎద్దులు, మామ గుంటక, చేను మాత్రం వాళ్ళది. తొలి వానలకు నేను ఊరికి పోయినప్పుడు ఆయన పెద్దాయప్ప సగంలో గుంటక తోలుతున్నాడు. మధ్యలో కొత్తగా పోసిన గట్టు ఇంకా మెత్తగా ఉంది, దానిమీద కడప బండలు పాతారు. ఆ ఎద్దులు పుట్టి బుద్ధెరిగాక చేను అటు చివర మళ్ళడమే తప్ప నడిమధ్యన మళ్ళింది లేదు. గట్టు దగ్గరికి రాగానే ఆగకుండా దాన్ని తొక్కుకుంటూ చిన్నాయప్ప సగంలోకి నడిచాయి.

"ఓ మామా, ఎద్దుల్ని మలుపు! గట్టు చెడిపోతాండాది!" అని పెద్దాయప్ప మనిషి ఇటునుంచి అరిచాడు.

"మా సగంలోకి ఎందుకొస్తాండావు?" అని చిన్నాయప్ప మనిషి అటునుంచి అరిచాడు. ఆ తర్వాత ఆ ఇద్దరూ ఒకరితో ఒకరు నేరుగానే మాట్లాడుకున్నారు, మామ తోలడం సరిగా లేదని.

మామ పగ్గం బిగించలేదు. "నేనేం జేసేదప్పా, వాటికి రాజీ అయిన సంగతి ఎవురూ చెప్పలేదు" అంటూ గుంటక మీద అట్లాగే నిలబడి, చేను అటు చివరిదాకా పోయి, అక్కడ మలిపాడు.